జన్మనామ పరిజ్ఞానము : శ్రాద్ధకర్మకు వంశవృత్తాంత పరిశోధనకు గల సంబంధము

శ్రాద్ధ తర్పణాదులయందు పితృదేవతను ఉద్దేశించునప్పుడు కర్త నాలుగు విషయములను ఉచ్చరించును. అవి సంబంధము, నామము, గోత్రము, రూపము. తండ్రి, తాత, ముత్తాత అనునది సంబంధము. వసు రుద్ర ఆదిత్యులు రూపము. ఈ మూడు తరములవారిని వసురుద్రాదిత్యులుగా భావింపవలెనని మనుస్మృతి తృతీయాధ్యాయమున శ్రాద్ధప్రకరణాంతమందు చెప్పబడినది. ఈ నాలుగింటిలో సంబంధము కర్తను బట్టియే సిద్ధించును. రూపము శాస్త్రమువలన తెలియును. గోత్రము ఉపనయననాటి అభివాదనము మొదలు నోటనుండును. మిగిలినది నామము. అది ఒక్కటియే కుటుంబస్మృతిపై ఆధారపడియున్నది. దానిని శాస్త్రము సమకూర్పజాలదు, పురోహితుడును సమకూర్పజాలడు. ఇంటిపెద్ద చెప్పినగాని అది తెలియదు.

నేడు మహాలయపక్షమున ప్రపితామహి పేరడిగినచో మౌనము వహించు కర్తలు అనేకులు. కొందరు నోటికివచ్చిన పేరొకటి చెప్పి కార్యమును ముందుకు సాగింతురు. ఈ లోపము కేవలము లౌకికమైన మరపేనా, లేక శాస్త్రదృష్టిలో దీనికి వేరొక ఫలితము కలదా అనునది ఈ వ్యాసమున విచార్యము. వంశచరిత్ర పరిశోధనము పాశ్చాత్యుల వేడుకయనియు, శ్రాద్ధము వైదికకర్మయనియు ఈ రెండింటిని వేరుచేసి చూచుట వాడుకయైనది. ధర్మశాస్త్రములను పరిశీలించినచో ఈ విభాగము నిలువదు.

సంబంధమునకు జ్ఞానమే హద్దు

మనుస్మృతి పంచమాధ్యాయమున ఆశౌచప్రకరణమందు జ్ఞాతిత్వము రెండు విధములుగా నిర్ణయింపబడినది. సపిండత్వము ఏడవ పురుషునితో నివర్తించును. సమానోదకత్వమో, జన్మనామములు తెలియనప్పుడు నివర్తించును. ఈ రెండు హద్దుల స్వరూపములో గల భేదము గమనింపదగినది. మొదటిది సంఖ్యచేత ఏర్పడిన హద్దు. రెండవది జ్ఞానముచేత ఏర్పడిన హద్దు. ఏడు తరములు గడచుటకు ఎవరి ప్రయత్నమును అక్కరలేదు. కాని ఫలానావాడు ఫలానావానికి పుట్టెను, వాని పేరు ఇది అనునది నిలుచుటకు ఎవరో ఒకరు దానిని నిలుపవలెను.

యాజ్ఞవల్క్యస్మృతి దాయవిభాగమునకు వ్యాఖ్యానము చేయుచు విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో బృహన్మనువచనమును ఉదాహరించెను. దాని ప్రకారము సమానోదకత్వము పదునాలుగవ పురుషునివరకు ఉండును. జన్మనామముల స్మరణ ఉన్నంతవరకే అని కొందరి మతము. ఆపైన నిలుచునది గోత్రమాత్రమే. మనువచనమున అజ్ఞానము, బృహన్మనువచనమున స్మృతి అను పదములు హద్దులుగా చెప్పబడుటచేత రెండింటి తాత్పర్యము ఒకటియే అగుచున్నది. మరచినచో బంధుత్వము గోత్రములో కలిసిపోవును. గుర్తుంచుకొన్నచో బంధువు బంధువుగానే నిలుచును.

ఈ భేదము మాటలకు పరిమితమైనది కాదు. సమానోదకునకు మూడు దినముల ఆశౌచము విహితము. సపిండులు లేనప్పుడు సమానోదకులకు దాయాధికారము కలదు. తర్పణజలమునందు భాగమును వీరిదే. కావున ఒక పదియవ తరపు మూలపురుషుని పేరు ఎరిగిన రెండు కుటుంబములు పరస్పరము జలబంధువులగుదురు. ఎరుగనిచో సగోత్రులు మాత్రమే అగుదురు. రక్తసంబంధమున మార్పులేదు. మారినది జ్ఞానము. దానితోపాటు ధర్మమును మారినది.

పూర్వపక్షము

దీనిపై మూడు ఆక్షేపములు పుట్టును. పిండభాగులు మూడు తరములవారే, నాలుగవవాడు మొదలు ముగ్గురు లేపభాగులు, అనగా పిండదానానంతరము చేతికంటిన లేపమును దర్భలపై తుడిచినంతనే తృప్తులగువారు, వారి పేర్లు ఉచ్చరింపబడవు గనుక అంతదూరము వెదకుట నిష్ప్రయోజనమనునది మొదటిది. నామము తెలియనిచో కూడ కర్మ లోపింపదని శాస్త్రమే చెప్పినది గనుక పరిశోధనము అనావశ్యకమనునది రెండవది. వంశపరిజ్ఞానము వంశగర్వమునకు దారితీయుననునది మూడవది.

వీనిలో రెండవ ఆక్షేపము బలవత్తరమైనది. ఆపస్తంబ శ్రౌతసూత్రమున పిండపితృయజ్ఞప్రకరణమందు నామములు తెలియనివాడు ఏమి చేయవలెనో స్పష్టముగా విధింపబడినది. అట్టివాడు మొదటి పిండమును భూమియందున్న పితరులకు, రెండవదానిని అంతరిక్షమందున్న పితరులకు, మూడవదానిని ద్యులోకమందున్న పితరులకు అని చెప్పి ఈయవలెను. ఆశ్వలాయన సూత్రమున నామమునకు బదులు తండ్రి, తాత, ముత్తాత అను సంబంధవాచకములతోనే పిలువవచ్చునని కలదు. గోత్రము తెలియనివారు కాశ్యపగోత్రమును చెప్పుకొను సంప్రదాయమును ప్రసిద్ధము.

సిద్ధాంతము

ఈ విధులను సూక్ష్మముగా చూచినచో అవి పూర్వపక్షికి కాక సిద్ధాంతికే ఉపకరించుచున్నవి. నామము తెలియనివాడు ఏదో ఒక నామమును కల్పించి చెప్పవచ్చునని ఏ సూత్రకారుడును చెప్పలేదు. కల్పితనామమే చాలినచో లోకత్రయమును ఆశ్రయించు ప్రత్యేకవిధికి అవసరమే ఉండదు. విధి వ్యర్థము కారాదు గనుక కల్పితనామము నిషిద్ధమని అర్థాపత్తిచేత సిద్ధించుచున్నది. తెలియనప్పుడు తెలియదని ఒప్పుకొని, భూమ్యంతరిక్షద్యులోకములనే చిరునామాగా చేసికొని సమర్పించుట శాస్త్రసమ్మతము. అసత్యనామము చెప్పుట కాదు. ఈ ఒక్క న్యాయమే వంశచరిత్ర పరిశోధకునకు ప్రథమసూత్రము కాదగినది.

ఈ విధి నామములు ఎరుగనివానికే విహితము. ఎరుగుటకు యత్నింపక ఈ గౌణవిధిని ఆశ్రయించుట ముఖ్యకల్పమున సమర్థుడయ్యును అనుకల్పమును గ్రహించుట వంటిది. అది దోషమని ధర్మశాస్త్రములు ఘోషించుచున్నవి. దీనితో రెండవ ఆక్షేపము తొలగినది.

మొదటి ఆక్షేపమునకు సమాధానము సమానోదక విచారముననే ఉన్నది. నేటి కర్తకు లేపభాగియైనవాడు వాని తాతకు పిండభాగి. తాత ఉచ్చరించిన పేరును మనుమడు వ్రాసి ఉంచుకొననిచో ఆ పేరు ఒక మరణముతో వంశమునుండి జారిపోవును. ప్రతి తరమున ఒక పేరు పిండపంక్తి దాటి లేపపంక్తికి పోవుచుండును. దానిని పట్టి నిలుపుట కర్మచేత కాదు. లేఖనముచేతనే అగును.

మూడవ ఆక్షేపమునకు మనువే సమాధానము చెప్పెను. భోజనార్థము తన కులగోత్రములను చెప్పుకొనువానిని అతడు కక్కినదానిని తినువానితో పోల్చి నిందించెను. పూర్వుల పేరు చెప్పి తాను లాభము పొందుట నింద్యము. పూర్వుల పేరు చెప్పి వారికి జలము విడుచుట విహితము. పరిశోధనము ఈ రెండవ మార్గమున నడచినంతకాలము గర్వమునకు తావులేదు.

ద్వాదశనామముల విలువ

తెలుగునాట తర్పణమున ప్రధానముగా పండ్రెండు నామములు వచ్చును. పితృ పితామహ ప్రపితామహులు, మాతృ పితామహీ ప్రపితామహులు, మాతామహాదులు ముగ్గురు, మాతామహ్యాదులు ముగ్గురు. అటుపైన కారుణ్యపితరులు. వారిలో పినతండ్రి, మేనమామ, గురువు, మిత్రుడు మున్నగువారు చేరుదురు. చరిత్రదృష్టితో చూచినచో ఈ పట్టిక అపూర్వమైన పత్రము. ఇందు పండ్రెండింట ఆరు స్త్రీనామములు. దానశాసనములయందును, భూమిపత్రములయందును తండ్రి పేరు, తాత పేరు ఉండునుగాని తల్లి పేరు, అవ్వ పేరు అరుదు. గృహస్థుని తర్పణమున పురుషనామములతో సమానసంఖ్యలో స్త్రీనామములు నియతముగా ఉచ్చరింపబడుచుండుటచేత ఆ నామములు నిలిచినవి. తర్పణము మానిన ఇంట మొట్టమొదట నశించునవి స్త్రీనామములే.

ఈ పట్టికకును పరిమితులు కలవు. స్త్రీ భర్తృగోత్రముతో ఉచ్చరింపబడును గనుక పితామహి పుట్టినింటి గోత్రము ఇందు దొరకదు. మాతామహవర్గమువలన తల్లి పుట్టిల్లు మాత్రమే తెలియును. మాతామహి పుట్టిల్లు తెలియదు. రెండవది, ఇందు ఇంటిపేరు లేదు. నామగోత్రములే ఉండును. ఇనాం పత్రములయందో ఇంటిపేరు ఉండునుగాని గోత్రము ఉండకపోవచ్చును. కర్మపత్రమును లౌకికపత్రమును ఒకచోట చేర్చినగాని వ్యక్తి నిర్ణయము కాదు. మూడవది దత్తత. దత్తపుత్రుడు జనకుని గోత్రరిక్థములను వీడునని మనువు నవమాధ్యాయమున చెప్పెను. తర్పణమున దత్తతతండ్రి వంశమే వచ్చును. ద్వ్యాముష్యాయణుడైనచో ఉభయవంశములును వచ్చును. వంశపత్రికయందు దత్తతను గుర్తింపక గీతలు గీచినచో జన్మవంశము ఒకటి, పిండవంశము ఒకటి అను భేదము చెరిగిపోవును.

గోత్రప్రవరల ఆధారముతో రక్తసంబంధమును నిర్ణయించుట మరింత ప్రమాదకరము. క్షత్రియాదులు పురోహితుని ప్రవరను గ్రహింపవచ్చునని సూత్రకారులే చెప్పిరి. కావున గోత్రసామ్యము జన్మసామ్యమునకు నియతహేతువు కాదు.

లౌకిక ప్రమాణములు

నామపట్టికను వెనుకకు పొడిగింపదలచిన పరిశోధకునకు తెలుగుదేశమున నాలుగు తెరగుల సామగ్రి కలదు.

మొదటిది శాసనములు. తూర్పుచాళుక్యుల తామ్రశాసనములు వంశకథనమునకు ఆదర్శప్రాయములు. పలు శాసనములలో ప్రతి రాజు పేరు, పూర్వరాజుతో సంబంధము, పాలించిన కాలము క్రమముగా చెప్పబడినవి. కుబ్జవిష్ణువర్ధనుడు 18 సంవత్సరములు, జయసింహుడు 33 సంవత్సరములు, ఇంద్రభట్టారకుడు 7 దినములు. ఏడుదినముల రాజును కూడ విడువకుండుట శ్రాద్ధకర్త పాటింపవలసిన నియమమువంటిదే. అయితే 11వ శతాబ్ది ఆరంభమున విమలాదిత్యుని రణస్తిపూండి శాసనమునాటికి ఈ వంశమునకు చంద్రుడు మొదలుగా పురాణపురుషులు, అయోధ్యనేలిన 59 మంది చక్రవర్తులు పూర్వులుగా చేరిరి. పూర్వశాసనములలో లేని తరములు ఉత్తరశాసనములలో కనబడినప్పుడు పరిశోధకుడు ఆగి ఆలోచింపవలెను. తెలిసినంతవరకు చెప్పిన పట్టికకును, తెలియనిచోట నింపిన పట్టికకును గల వ్యత్యాసము ఇచట కన్నులకు కట్టును. ప్రతిగ్రహీతల విషయమునను శాసనములు ఉపకరించును. రాజరాజనరేంద్రుని నందంపూడి శాసనము నారాయణభట్టుని పూర్వులను ప్రశంసించుచున్నది. గోత్రము, సూత్రము, పితృపితామహుల నామములు పేర్కొను పద్ధతి శ్రాద్ధసంప్రదాయమును పోలియున్నది.

రెండవది కావ్యావతారికలు. కృతికర్తయు కృతిభర్తయు తమ వంశమును వర్ణించుట మన ప్రబంధములలో రూఢమైన సంప్రదాయము. కందుకూరి వీరేశలింగము ఆంధ్రకవుల చరిత్రమును చాలవరకు ఈ అవతారికల ఆధారముతోనే నిర్మించెను. తిక్కన వంశమును తిక్కనయే చెప్పుకొనెను. అతనికి దశకుమారచరిత్రము నంకితమిచ్చిన కేతనయు చెప్పెను. ఒకే కుటుంబమునకు రెండు సాక్ష్యములు లభించిన సందర్భమిది. శ్రీనాథుని హరవిలాసావతారిక అవచి తిప్పయసెట్టి వంశమును, వర్తకమును వర్ణించుటచేత వణిగ్వంశచరిత్రకు ఆకరమైనది. తాళపత్రప్రతుల చివర లేఖకుడు తన పేరు, తండ్రి పేరు, కాలము వ్రాసికొన్న గద్యలును ఈ తెగలోనివే. పట్టికలు చేయువారు గ్రంథము పేరు వ్రాసి ఈ గద్యలను ఉపేక్షించుట తగదు.

మూడవది గ్రామపత్రములు. కాలిన్ మెకంజీ కావలి సోదరుల సహాయమున సేకరింపించిన కైఫీయతులు, కరణముల కవిలెలు, చెన్నపురి రాజధానిలో 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ రిజిష్టర్లు ఇందు ముఖ్యములు. ఇనాం రిజిష్టరునందు మొదటి గ్రహీత పేరు, నాటి అనుభవదారు పేరు, వయస్సు, వారిరువురి సంబంధము వ్రాయబడుటచేత ఒక్క వరుసతో మూడు నాలుగు తరములు వెనుకకు పోవచ్చును. తెలంగాణమున నిజాము ప్రభుత్వపు ఇనాం విచారణలో ఇచ్చిన ముంతఖాబులు ఇట్టివే. అవి పారసీ, ఉర్దూ లిపిలో ఉండుటచేత ఆ భాషలు తెలిసినవారి తోడు కావలెను. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో వంశపారంపర్యపు గ్రామాధికారవ్యవస్థ రద్దయినది. ఇండ్లలో మిగిలిన పాతకవిలెలకు నాటినుండి సంరక్షకుడు లేకపోయెను. వానిని చెదలకు విడువక నకలు తీయుట తక్షణకర్తవ్యము.

నాలుగవది తీర్థపురోహితుల బహీలు. కాశీ, ప్రయాగ, గయలయందు యాత్రికుని పేరు, ఊరు, వెంటవచ్చిన బంధువుల పేర్లు పురోహితులు వ్రాసికొనుట చిరకాలాచారము. ఏనుగుల వీరాస్వామి 1830-31లో చేసిన కాశీయాత్రవంటి యాత్రలు నాటి తెలుగు గృహస్థులు ఎందరో చేసిరి. వారిలో చరిత్ర వ్రాసినవారు అరుదు. బహీలో సంతకము చేసినవారు పెక్కురు. శ్రాద్ధము చేయబోయినవాని సంతకమే వాని మనుమని మనుమనికి ప్రమాణమగుట ఈ కర్మకు పరిశోధనకు గల బంధమునకు ప్రత్యక్షోదాహరణము.

కాలనిర్ణయమున ఒక చిక్కు

శ్రాద్ధమునకు మాసము, పక్షము, తిథి చాలును. సంవత్సరము అక్కరలేదు. కావున ముత్తాత గతించిన తిథి తెలిసిన ఇంటికి ఆయన గతించిన సంవత్సరము తెలియకపోవుట సహజము. సంవత్సరనామము దొరికినను చిక్కు తీరదు. ప్లవనామ సంవత్సరము 1841-42, 1901-02, 1961-62, 2021-22లలో వచ్చినది. అరువది ఏండ్లలో ఇంచుమించు రెండు తరములు గడచును. తాత పేరు మనుమనికి పెట్టుట మన ఆచారము. కావున ప్లవనామ సంవత్సరమున ఒకే పేరుగలవాడు ఒకే ఊరిలో రెండుసార్లు పత్రములకెక్కుట అసంభవము కాదు. ఒకడు తాత, ఒకడు మనుమడు. ఇరువురిని ఒకనిగా భ్రమించినచో వంశమునుండి రెండు తరములు లోపించును. మూడవ తరమువానిని మొదటి తరమువానికి తమ్మునిగా చేర్చినచో వరుసలే తారుమారగును.

దీనికి పరిహారము రెండు విధములు. తిథితోపాటు వారము చెప్పబడియున్నచో గణితముచేత సంవత్సరమును నిర్ణయింపవచ్చును. స్వామికన్ను పిళ్ళె 1922లో ప్రకటించిన ఎఫిమెరిస్ క్రీ.శ. 700 నుండి 1799 వరకు ఇందుకు ఉపకరించును. తరువాతికాలమునకు ఇండ్లలోని పాతపంచాంగములు సాయపడును. రెండవది, వ్యక్తిని తండ్రి పేరుతో చేర్చి గుర్తించుట. తాత మనుమల పేర్లు ఒకటైనను వారి తండ్రుల పేర్లు సాధారణముగా భిన్నములు. మూడు నామములు వరుసగా చెప్పు శ్రాద్ధనియమము ఇచట పరిశోధనకు చక్కని సాధనమగుచున్నది.

పత్రములేని వంశములు

శాసనములు, అవతారికలు, ఇనాములు కొద్ది కుటుంబములకే కలవు. అధికసంఖ్యాకుల వంశచరిత్ర వాచికముగా నిలిచినది. పిచ్చుకుంట్లవారు, భట్రాజులు, గొల్లలకు మందెచ్చువారు, విశ్వబ్రాహ్మణులకు రుంజవారు, గోండులకు పరధానులు వంశములను, గోత్రములను గానముచేసి నిలిపిన విద్వాంసులు. తెలంగాణమున పెత్రమాస నాడును, సర్కారు జిల్లాలలో సంక్రాంతినాడును పెద్దలకు పెట్టుకొను కుటుంబములు మంత్రములు లేకున్నను పేరుపేరున పెద్దలను తలచుకొనును. ఈ తలపు జన్మనామస్మరణయే. వాచికసంప్రదాయమును పత్రముకంటె హీనమనుట తగదు. శ్రుతి పరంపరగా వేదమును కాపాడుకొన్న సమాజము నోటిమాటను నిరాకరింపరాదు. కాని అదియును పరీక్షకు పాత్రమే. ఇద్దరు గాయకుల పాఠములను పోల్చి చూచుట ప్రతిభేదములను పోల్చుటవంటిదే.

సముద్రము దాటినవారి విషయము వేరు. 1860 నవంబరు 16న మద్రాసునుండి ట్రూరో అను ఓడ డర్బన్ చేరినది మొదలు నెటాల్‌కు పోయిన కూలీల పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, గ్రామము ఓడపట్టికలకెక్కెను. మారిషస్‌కు పోయినవారి పట్టికలు అక్కడి మహాత్మాగాంధీ సంస్థలో కలవు. కర్మపరంపర తెగిన ఆ కుటుంబములకు ఆ పట్టికలోని తండ్రి పేరే పితామహవర్గమునకు ద్వారము. అయితే ఆంగ్ల లేఖకులు చెవికి వినబడినట్లు వ్రాసిన గ్రామనామములను తిరిగి తెలుగురూపమునకు తెచ్చుట భాషాశాస్త్రము, గ్రామనామములు ఎరిగిన తెలుగు పండితుని పని. అది చేయువారు తక్కువ.

ప్రమాణనిర్దేశము

ప్రాచ్యకళాశాలలలో ధర్మశాస్త్రము, లిపిశాస్త్రము, పంచాంగగణితము ఒకే కప్పుక్రింద బోధింపబడుచున్నవి. వంశచరిత్రకు కావలసిన అంగములు ఇవియే. ప్రతి విద్యార్థిచే తన ఇంటి ద్వాదశనామముల పత్రిక వ్రాయించుట సులభసాధ్యము. ఆ పత్రికలో ప్రతి నామమునకు ఎదుట దాని ప్రమాణము వ్రాయవలెను. వ్రాయువారు కన్నులార చూచినవారైనచో దృష్టము. పెద్దలు చెప్పినదైనచో శ్రుతము, చెప్పిన పెద్ద పేరుతోసహా. పత్రమున ఉన్నదైనచో లిఖితము, పత్రమున్నచోటుతోసహా. ఇతరాధారములచే ఊహించినదైనచో అనుమితము, హేతువుతోసహా. ఏ ప్రమాణమును లేనిచో స్థలమును ఖాళీగా విడువవలెను. ఆ ఖాళీ లోపము కాదు. నామము తెలియనివానికి సూత్రకారుడు విధించిన సత్యమార్గమే అది.

తల్లియు తండ్రియు బంధువును గోత్రజుడును లేనివారికి కూడ తర్పణాంతమున జలము విడుచుట మన సంప్రదాయము. తెలియనివారు తృప్తిలేకుండ పోరాదను కరుణ దాని మూలము. ఆ కరుణ ఉన్నదని చెప్పి, అడిగి తెలిసికొనదగిన పేరును కూడ తెలియనివారిలో చేర్చుట ధర్మము కాదు. ఇంట ఎనుబది ఏండ్ల వృద్ధురాలు సజీవముగా ఉండగా ఆమె అత్తగారి పేరు, ఆ అత్తగారి పుట్టినింటి పేరు అడిగి వ్రాసికొనుటకు గ్రంథాలయముతో పనిలేదు. ఒక పూట చాలును. అది జరుగనిచో ఆ నామము నిలిచిన చివరి స్థానము ఆమెతోపాటు పోవును. ఆపైన ఆ పూర్వురాలికి మిగులునది మనువు చెప్పిన హద్దునకు ఆవలనున్న గోత్రమాత్రమే.